గోడ చివర వదిలిన ఇటుకలు

పేట, బడి అరుగు మీద నుంచి
ఫిబ్రవరి 9

బావమరిదికి,

దీవెనలు తర్వాత. నీ జవాబు చూసి, ఇవ్వాలో వద్దో అప్పుడు ఆలోచిస్తాను. ముందు అడగాల్సింది ఒకటుంది. పదిహేడేళ్ళుగా కడుపులో పెట్టుకున్నాను.

ఆఫీసు జీపులో మా పేటకు వచ్చావు, గుర్తుందా? బడి గోడల ఆఖరి వరస ఆ పొద్దున్నే పెట్టాను. మోచేతుల దాకా సిమెంటు మాలుతో నిలబడి "ఏమోయ్ బావమరిదీ!" అని కేకేశాను. నువ్వు విన్నావు. వినకపోతే తల అటు తిప్పుకోవు. జీపు దిగలేదు. మంచినీళ్ళయినా తాగలేదు. ఇంటి దగ్గర మీ అక్క నీకోసం భోజనం పళ్ళెం మీద మూత పెట్టుకుని పొద్దువాలేదాకా గుమ్మంలో కూర్చుంది. నా ఇంట్లో నాలుగేళ్ళు ఉండి చదువుకున్నవాడివి. ఎందుకు దిగలేదు?

సరే, ఆ సంగతి పక్కన పెట్టు. పక్కన పెట్టమన్నాను గాని పారేయమనలేదు.

ఇప్పుడు అసలు పని. "గోడలు ఊరివి, కప్పు సర్కారుది" అని ఆనాటి ఒప్పందం. ఇంటికొక మనిషి చొప్పున వచ్చి, కూలి లేకుండా రాయీ ఇటుకా మోశారు. గోడలు నేను లేపాను. కప్పు ఈనాటికీ రాలేదు. రేకులు వేసుకుని నెట్టుకొస్తున్నాం. పోయిన నెల గాలికి అవి కూడా లేచిపోయాయి. ఒక రేకు ఎగిరి వెళ్ళి టైలరు మిషను మీద పడింది. మనిషి టీ తాగడానికి పోయాడు గనక బతికాడు.

పెద్ద పంతులమ్మకు కాగితం వచ్చింది. సెలవులయ్యి బడి తెరిచేనాటికి, అంటే జూన్ పదికి, కప్పు మంజూరు కాగితం చేతిలో లేకపోతే బడి మూసేసి పిల్లల్ని లారీల రోడ్డు అవతలి బడిలో కలిపేస్తారట. ఆ రోడ్డు దాటాలంటే నాకే గుండె జారుతుంది. నా మనవరాలు మూడో తరగతి. నిలబెట్టి కొలిస్తే లారీ చక్రమంత ఉంటుంది.

నువ్వు పనిచేసేది బడి కట్టడాల ఆఫీసులోనే. మా కప్పు ఎవడు తిన్నాడో చెప్పు. స్లాబుకు స్లాబే మింగి అరిగించుకున్న మొనగాడి పేరు నాకు కావాలి. తెలియదంటే నమ్మను.

ఈ ఉత్తరం నేనే రాశాను, ఎవరి చేతా రాయించలేదు. సిమెంటు బస్తాల మీద అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. నిదానంగా రాస్తాను గాని గట్టిగా రాస్తాను.

మీ బావ


బడి కట్టడాల ఆఫీసు, రెండో అంతస్తు
ఫిబ్రవరి 21

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీరు అనుకుంటున్నట్టు కప్పును ఎవరూ తినలేదు. కప్పు అసలు మంజూరే కాలేదు. ఎందుకు కాలేదన్నది ఫైలు చూస్తే తెలుస్తుంది. చాలా పాత ఫైలు కాబట్టి వెతికించాలి, కొంత సమయం పడుతుంది.

మరో విషయం మీ దృష్టికి తేవాలి. ఈ జనవరి నుంచి నిబంధన మారింది. ఇకమీదట ఏ బడికి మంజూరు చేసినా, కప్పు భారంలో సగం స్థానికులే మోయాలి. ఈ సంగతి పేట పెద్దలకు కూడా తెలియజేయగలరు.

ఎండలు ముదురుతున్నాయి. మీరూ అక్కయ్యా ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి.

ఇకపై ఉత్తరాలు ఆఫీసుకు కాకుండా మా ఇంటి చిరునామాకు రాయగలరు.

ఇట్లు
మీ బావమరిది


పేట, ఇంటి నుంచి
మార్చి 3

బావమరిదికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అక్షరాలు కూడబలుక్కోవడానికి, రెండోసారి నువ్వేం దాచావో చూడడానికి.

జీపు ఊసు ఒక్క ముక్క లేదు. "మీరు" అన్నావు, "తెలియజేయగలరు" అన్నావు. నా ఇంట్లో తిన్న నాలుగేళ్ళలో ఎప్పుడైనా నన్ను మీరు అన్నావా? మీ అక్క విని, "వీడు ఉత్తరం రాశాడా, నోటీసు పంపాడా?" అంది. పైగా ఇంటికి రాయమంటావు. ఆఫీసులో నా ఉత్తరం ఎవరి కంట పడకూడదు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస.

కప్పులో సగం స్థానికులదా? స్థలం మాది. పునాది మాది. గోడలు మావి. కప్పు మీది అన్నారు. ఇప్పుడు అందులో సగం కూడా మాదే అంటున్నారు. వానలో సగం మీ ఆఫీసు తీసుకుంటుందా మరి? అది మాత్రం పూర్తిగా మాకే పడుతోంది.

నిన్న అరుగు మీద ఇదే మాట వస్తే టైలరు అన్నాడు: "మన పిల్ల చదువుకుని పైకొస్తే సర్కారు బడి గొప్ప. గోడ పడితే ఊరివాళ్ళ తప్పు. చదువుకున్నన్నాళ్ళూ మాత్రం మన పిల్ల, మన గోడ, మన ఖర్మ." నవ్వుతూనే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

కొత్త నిబంధన కొత్తవాళ్ళకు చెప్పు. మా ఒప్పందం పాతది. మా వంతు మేం ఎప్పుడో తీర్చాం. ఫైలు వెతికించకు, నువ్వే వెతుకు. కప్పు ఎందుకు ఆగింది, ఆపమని ఎవరు రాశారు, ఈ రెండూ కావాలి.

మీ బావ


మా ఇంటి నుంచి
మార్చి 19

బావా,

నిన్ను "మీరు" అన్నందుకు క్షమించు. ముప్ఫై ఏళ్ళ ఆఫీసు రాత, చెయ్యి అలా అలవాటు పడిపోయింది. అక్కను కోప్పడొద్దని చెప్పు.

ఫైలు దొరికింది. సంగతి చాలా చిన్నది, తేలిగ్గా తేలిపోతుంది. ఆనాడు తనిఖీకి వచ్చినవాళ్ళు "గోడ పని అసంపూర్తి" అని రాశారు. పడమటి గోడ చివర ఇటుకలు ఎగుడుదిగుడుగా బయటికి పొడుచుకుని ఉన్నాయట. ఊరి పని పూర్తయితేనే సర్కారు పని మొదలవ్వాలని నియమం. అందుకని ఫైలు అక్కడే ఆగిపోయింది.

దీనికి ఒకటే మార్గం. ఆ ఇటుకలు నున్నగా చెక్కేసి, గోడ చివర మాలు మెత్తు. నీకు పూట పని. ఒక ఫొటో తీయించి పంపు. "స్థానికుల పని ఇప్పుడు పూర్తయింది" అని నా చేత్తో రాసి, జూన్ పదిలోపు మంజూరు నేనే నడిపిస్తాను. మనవరాలు రోడ్డు దాటనక్కరలేదు.

ఎవరు రాశారన్నది పాత కథ. ఇప్పుడు తవ్వుకుని ఏం లాభం? వాళ్ళంతా ఎక్కడెక్కడికో పోయారు. రాసినాయన కూడా ఇప్పుడు ఆఫీసులో లేడు.

ఆలస్యం చేయకు బావా.

నీ బావమరిది


పేట, బడి అరుగు మీద నుంచి
ఏప్రిల్ 2

బావమరిదికి,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది. తర్వాత పడమటి గోడ దగ్గరికి పోయి ఆ ఇటుకలు మళ్ళీ చూసుకొచ్చాను.

ఆ ఇటుకలు ఓపిక చాలక వదిలినవి కావోయ్. చేసిన పని చాలదనిపించి వదిలినవి. రెండు గదులు కట్టాం, పిల్లలు పెరిగితే మూడో గది కావాలి. అందుకని పడమటి గోడ చివర ఒక వరస బయటికి, ఒక వరస లోపలికి, దువ్వెన పళ్ళలాగా వదిలాను. రేపు వచ్చే గోడ ఆ సందుల్లో వేళ్ళు కలిపి పట్టుకుంటుంది. అలా వదలకపోతే కొత్త గోడ పాత గోడకు ఆనుకుని నిలబడుతుందే గాని అతుక్కోదు. మా నాన్న చెప్పేవాడు, గోడ కడితే పక్క గోడకు చెయ్యి చాచి ఉంచరా అని. ఇటుకలందించే కూలీకి కూడా తెలుసు ఈ సంగతి. రాసిన మహానుభావుడికి తెలియకపోతే అడగొచ్చు. పదడుగుల దూరంలో నేను నిలబడే ఉన్నాను.

అయినా నీ మాట మీద ఉలీ సుత్తీ పట్టుకుని నిచ్చెనెక్కాను. పిల్లల కోసం నా పంతం చంపుకున్నాను. ఒక్క దెబ్బ కొట్టానో లేదో, పెద్ద పంతులమ్మ పరిగెత్తుకొచ్చింది.

"మేస్త్రీగారూ, ఆగండాగండి! ఏం చేస్తున్నారు?"

"పని పూర్తి చేస్తున్నానమ్మా. పదిహేడేళ్ళకు."

"ఆ ఉత్తరం ఒకసారి ఇలా ఇవ్వండి." చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. "ఇప్పుడు పూర్తయింది అని రాస్తారట. ఇప్పుడు పూర్తయితే ఇప్పటి నిబంధనే కదండీ? అప్పుడే పూర్తయిందంటే కప్పు మొత్తం వాళ్ళది. ఇప్పుడంటే సగం మనది. ఈ పేటలో సగం కప్పు ఎవరు వేయగలరు?"

నిచ్చెన దిగాను.

నీకు ఇంత చిన్న సంగతి తెలియక రాశావా, తెలిసే రాశావా? నేను ఇటుకలు కొట్టేస్తే మేం పదిహేడేళ్ళు బద్ధకించి ఇప్పుడు లేచామని అవుతుంది. కప్పూ పోతుంది, పరువూ పోతుంది. రాసినవాడు మాత్రం దర్జాగా బయటపడతాడు. ఎవడి కోసం నీకింత ఆరాటం?

పేరు చెప్పు. ఒక్క దెబ్బకు ఒక ఇటుక మూల విరిగింది. అది నీ లెక్కలో వేసుకుంటున్నాను.

మీ బావ


మా ఇంటి నుంచి
ఏప్రిల్ 13

బావా,

పంతులమ్మ మాటలు పట్టుకుని ఉన్నదీ పోగొట్టుకోకు. సగం కప్పయినా వస్తుంది కదా. మొత్తం కావాలని కూర్చుంటే మొదటికే మోసం. మిగతా సగానికి పేటలో నలుగురూ తలో చెయ్యి వేస్తే సరిపోదా? అప్పుడు గోడలకు వేయలేదా?

జూన్ నెలాఖరుతో నా ఉద్యోగం అయిపోతుంది. ఆ తర్వాత ఈ ఫైలును కదిపే దిక్కు ఉండదు. అందుకే తొందర. అంతే, వేరే ఏమీ లేదు.

పేరు అడగొద్దు. కాగితం కింద సంతకం పెట్టిన ఆఫీసరు చనిపోయాడు. చచ్చినవాళ్ళ మీద ఏం పగ?

అక్కకు ఇవన్నీ చెప్పి బాధపెట్టకు. ఇటుకలు తీసేయ్.

నీ బావమరిది


పేట, ఇంటి నుంచి
ఏప్రిల్ 28

బావమరిదికి,

మార్చిలో "రాసినాయన ఆఫీసులో లేడు" అన్నావు. ఏప్రిల్‌లో "సంతకం పెట్టినాయన చనిపోయాడు" అన్నావు. రాసినవాడొకడు, సంతకం పెట్టినవాడొకడు అని నువ్వే చెప్పావు. తెలివైనవాడు అబద్ధం చెప్తే ఇదే చిక్కు, మధ్యమధ్యలో నిజం కారిపోతుంది.

పెద్ద పంతులమ్మ సెలవు పెట్టి మీ ఆఫీసుకే వెళ్ళింది. నీ అంతస్తు కాదు, కింది అంతస్తు. మూడు రోజులు తిరిగింది. మూడో రోజు ఆ కాగితం నకలు ఇచ్చారు. తెచ్చి నా చేతిలో పెట్టి, "చదవమంటారా మేస్త్రీగారూ?" అంది.

"చదవొద్దమ్మా. ముందు చూడనీ" అన్నాను.

నాకు చదవడం నిదానం. చూడడం నిదానం కాదు. ఏ వీధిలో ఏ గోడ చూపించినా ఏ మేస్త్రీ కట్టాడో చెప్తాను. ఇటుకకూ ఇటుకకూ మధ్య వదిలే సందు, చివర తాపీ తిప్పే తీరు, ఒక్కొక్కడిది ఒక్కో చెయ్యి. రాత కూడా అంతే. ఆ కాగితం బల్ల మీద పెట్టి, పక్కన నీ మూడు ఉత్తరాలూ పరిచాను. పంక్తి మొదట్లో తిన్నగా ఉండి, చివరికొచ్చేసరికి పైకి ఎక్కుతుంది. నా ఇంట్లో గుడ్డి దీపం ముందు పలక ఒళ్ళో వాల్చుకుని రాసి రాసి అబ్బిన వంకర అది. నేనెన్నిసార్లు తిన్నగా కూర్చోమన్నానో నీకు గుర్తుందో లేదో.

సంతకం ఆఫీసరుది. రాత నీది.

ఆ రోజు నువ్వు దిగలేదు. దిగకుండానే రాశావు. నా కేక వినీ తల తిప్పుకున్నావు చూడు, అప్పుడు నీ ఒళ్ళో ఉన్నది ఈ కాగితమే. పదిహేడేళ్ళుగా మీ అక్క భోజనం మూత గురించి ఏడుస్తున్నాను. ఏడవాల్సింది బడి గురించి అని నాకు తెలియలేదు.

మీ అక్కకు ఇంకా చెప్పలేదు. నువ్వు వద్దన్నావని కాదు. నాకే నోరు రావడం లేదు.

ఇప్పుడు చెప్పు.

మీ బావ


మా ఇంటి నుంచి
మే 10

బావా,

నీ ఉత్తరం అందినప్పటి నుంచి రాస్తున్నాను, చింపుతున్నాను.

రాసింది నేనే. ఈ ఆఫీసుకు మారి అప్పటికి ఏడు నెలలే. జీపులో ముందు ఆఫీసరు, వెనక నేనూ ఇంకో ఇద్దరూ. దారంతా వాళ్ళ ఇళ్ళ గురించి గొప్పలు చెప్పుకుంటున్నారు. నన్నడిగితే, మా బావ పెద్ద కాంట్రాక్టరు, ఆయన ఇంట్లోనే పెరిగాను అన్నాను. అరగంట తర్వాత నువ్వు ఒంటినిండా మాలుతో, తలకు గుడ్డ చుట్టుకుని, నన్ను బావమరిదీ అని పిలిచావు.

"ఎవరయ్యా ఆయన, నీకు తెలుసా?" అన్నాడు ఆఫీసరు.

"ఎవరో తాపీ పనివాడండీ" అన్నాను.

గోడ చివర ఇటుకలు చూసి "అదేమిటి, పని సగంలో ఆపారా?" అన్నాడాయన. దిగి అడిగితే ఒక్క నిమిషం పని. దిగితే నువ్వు భుజం మీద చెయ్యేస్తావు. "అవునండీ, అసంపూర్తి" అన్నాను. రాశాను. ఆయన సంతకం పెట్టాడు.

మూడేళ్ళ తర్వాత వేరే ఊళ్ళో ఒక మేస్త్రీ అలాగే ఇటుకలు వదులుతుంటే ఎందుకని అడిగాను. చెప్పాడు. అయినా ఆ ఫైలు బయటికి తీయలేదు. మీ పేట నుంచి వచ్చిన అర్జీలన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. "పరిశీలనలో ఉంది" అని జవాబు రాసినవాణ్ణీ నేనే.

ఇప్పుడు తప్పు నాదని రాసిస్తే విచారణ వేస్తారు. జూన్ నెలాఖరులోపు విచారణ పడితే నా పింఛను ఆగిపోతుంది, ఎన్నేళ్ళో తెలియదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అందుకే ఇటుకలు కొట్టేయమన్నాను. నీ చేత్తో నా తప్పు చెరిపించాలనుకున్నాను.

నన్నేం చేయమంటావో నువ్వే చెప్పు బావా.

నీ బావమరిది


పేట, బడి అరుగు మీద నుంచి
మే 22

బావమరిదికి,

కాంట్రాక్టరునని చెప్పావా! నా జన్మలో నన్నెవరూ అంత గౌరవించలేదు. అందుకైనా దిగి ఒక నమస్కారం పెట్టాల్సింది.

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. నేను చదివే వేగానికి పూటంతా పట్టింది. ఎక్కడా ఆపమనలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, చేసింది నేనైనట్టు. మూడో రోజు అంది: "వాణ్ణి రమ్మను. ఈసారి మూత పెట్టను. చల్లారితే చల్లారిందే తింటాడు."

నీ పింఛను ఆగుతుందన్నావు. నిజమే కావచ్చు, నన్ను జాలిపడేట్టు చేయడానికే కావచ్చు. నాలుగు ఉత్తరాల్లో మూడింట అబద్ధం ఆడినవాడివి, నాలుగోది ఒక్కసారికే ఎలా నమ్మను? కాగితం చూశాకే నమ్ముతాను. ఒకవేళ నిజంగానే ఆగితే, నా ఇంట్లో నాలుగేళ్ళు ఉన్నవాడివి, ఇంకో నాలుగేళ్ళు ఉండు. పెళ్ళాన్నీ తెచ్చుకో. ఈసారి మాత్రం తిన్నగా కూర్చుని రాయి.

నా పిల్ల లారీ కింద పడితే మళ్ళీ రాదు. నీ పింఛను ఆగితే మళ్ళీ వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడు. నీకు చదువుంది.

ఆ ఇటుకలు నేను కొట్టను. ఊళ్ళో అందరికీ చెప్పాను, ఎవరూ ముట్టుకోరు. మూడో గది వస్తుందో రాదో, నేను చూస్తానో చూడనో, గోడ చెయ్యి చాచే ఉంటుంది.

నువ్వు చేయాల్సింది ఇది. బస్సెక్కి పేటకు రా. బడి ముందు దిగు. నీ చేత్తో ఆ ఇటుకలు తడిమి చూడు. ఈ అరుగు మీద కూర్చుని, పెద్ద పంతులమ్మ ముందర మూడు ముక్కలు రాయి. ఆ రోజు జీపు దిగకుండా రాశానని. గోడలు ఆ రోజుకే పూర్తయ్యాయని. బయటికున్న ఇటుకలు రాబోయే గది కోసమని. కింద సంతకం ఈసారి నీదే పెట్టు. ఆ కాగితం పట్టుకుని మీ ఆఫీసుకు నేనూ వస్తాను, నీ పక్కనే. మధ్యలో ఎవరైనా అడిగితే నేనెవరో చెప్పాల్సి ఉంటుంది. ఏమని చెప్తావో ఇప్పుడే అనుకుని పెట్టుకో.

బడి పదో తారీఖున తెరుస్తారు. ఆఫీసులో కాగితం నడవడానికి అయిదు రోజులైనా కావాలి. కాబట్టి జూన్ అయిదు మధ్యాహ్నం బస్సు దాకా చూస్తాను. ఆ బస్సులో నువ్వు లేకపోతే, ఆ నకలూ నీ నాలుగు ఉత్తరాలూ తీసుకుని సాయంత్రం బస్సుకు నేనే బయల్దేరతాను. మీ పెద్దాఫీసరు బల్ల మీద అన్నీ పక్కపక్కన పరుస్తాను. చదివి చెప్పడం నాకు రాకపోవచ్చు. పరచడం వచ్చు.

జవాబు పెద్దది రాయకు. ఆఫీసు మాటలు వద్దు. జూన్ అయిదులోపు ఒక్క ముక్క చాలు: దిగుతావా, దిగవా?

మీ బావ